పాత గిటార్ల బేరమున ఇరుగుడు, మహాగని: ఉత్తర సర్కారుల దారునామ చరిత్ర

బరంపురమున పాత గిటారు కొనబోవువారు మొట్టమొదట వినునవి రెండు మాటలు. ఒకటి రోజ్‌వుడ్, రెండవది మహాగని. తీగలు మీటి చూచుటకు ముందే ఈ మాటలు వచ్చును. వెల ఎక్కుటయు తగ్గుటయు చాలవరకు వీని మీదనే జరుగును. రోజ్‌వుడ్ అన్నచో మేలుసరుకనియు, మహాగని అన్నచో దానికి ఒక మెట్టు దిగువదనియు ఒక నమ్మకము ప్రబలియున్నది. బరంపురము కలకత్తా మదరాసు రైలుమార్గమున ఉన్న పట్టణము. విశ్వవిద్యాలయము 1967లోను, వైద్యకళాశాల అంతకుముందు 1962లోను ఏర్పడినవి. చదువుకొనవచ్చి, చదువు ముగియగానే వెడలిపోవు విద్యార్థులుండు ఊరిలో వాద్యములు చేతులు మారుట సహజము. సామాన్య గృహస్థుడు తన బిడ్డకు మొదటి గిటారు కొనునపుడు క్రొత్తదానికి వెల చాలక పాతదానినే వెదకును. అట్టివానికి ఈ రెండు మాటలకు సరియైన అర్థము తెలియుట డబ్బుతో ముడిపడిన సంగతి.

ఇది బేరగాండ్రకు సంబంధించిన విషయమే యైనచో ఈ సంపుటమున దీనికి చోటు అక్కరలేదు. కాని ఈ రెండు కొయ్యల చరిత్రయు ఉత్తర సర్కారుల మీదుగా నడచినది. ఆ నడకలో తెలుగుపేర్లు పాశ్చాత్య శాస్త్రగ్రంథములలోనికి ఎక్కినవి. పేర్లు అక్కడ నిలిచినవి గాని, ఇక్కడ అంగళ్లలో మాయమైనవి.

రోజ్‌వుడ్ అని గిటారుల విషయమున నేడు సామాన్యముగా చెప్పబడునది దాల్బెర్జియా లాటిఫోలియా అను వృక్షము. తెలుగున దీనిని ఇరుగుడు అనియు, జిట్టెగి అనియు అందురు. విరుగుడుచేవ యను రూపమును నిఘంటువులలో కానవచ్చును. ఈ చివరి పేరులోని 'చేవ' గమనింపదగినది. చెట్టునడుమ గట్టిపడిన నల్లని భాగమే చేవ. పనికి వచ్చునది అదియే. తెలుగువడ్రంగి చెట్టునకు దాని చేవనుబట్టి పేరు పెట్టినాడు. ఆంగ్లేయుడు మాత్రము కోసినపుడు వెలువడు పరిమళమునుబట్టి గులాబికొయ్య యన్నాడు. గులాబిమొక్కకును ఈ చెట్టునకును ఎట్టి బంధుత్వమును లేదు.

ఈ చెట్టునకు శాస్త్రనామమును స్థిరపరచినవాడు విలియం రాక్స్‌బరో (1751–1815). స్కాట్లండు దేశీయుడైన ఈ వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి అచ్చట తోట పెంచి, సర్కారు కొండలలోని వృక్షములను పరిశీలించెను. స్థానిక చిత్రకారులచేత వానికి బొమ్మలు వ్రాయించెను. కోరమాండలు తీరవృక్షములను గూర్చిన అతని మహాగ్రంథపు రెండవ సంపుటమున ఇరుగుడు 113వ చిత్రముగా కన్పట్టును. ఆ భాగము 1799లో వెలువడినది. చెట్టు పేరు తెలుగువారు ఏమందురో అడిగి వ్రాసికొనుట రాక్స్‌బరోకు అలవాటు. ఈనాడు గంజాము, శ్రీకాకుళము, విశాఖ, గోదావరి మండలములుగా విడిపోయిన సీమ అంతయు ఆనాడు ఉత్తర సర్కారులలోనిదే. బరంపురము చికాకోలు సర్కారునకు చెందినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాము అందు చేరువరకు పాలనలో ఈ సీమ మదరాసు రాజధానిలోని భాగముగానే ఉండెను.

మహాగని కథ ఇంతకంటె విచిత్రమైనది. అసలు మహాగని అమెరికాఖండపు వృక్షము. వెస్టిండీసు దీవులలోనిది ఒక జాతి, హొండూరాసు మొదలగు ప్రధానభూభాగ ప్రాంతములలోనిది మరియొక జాతి. రెండును స్వీటీనియా యను ప్రజాతినామమున చేరినవి. రాక్స్‌బరో సర్కారు కొండలలో సోమిద యను చెట్టును చూచి, దాని పూవు కాయల పోలికనుబట్టి అది మహాగనిలో ఒక క్రొత్తజాతి యని తలచెను. దాని బెరడు జ్వరమును తగ్గించునని తెలిసి, సింకోనాకు బదులుగా వాడవచ్చునని ప్రతిపాదించెను. 'స్వీటీనియా లేక మహాగనిలో క్రొత్తజాతి' యను అర్థమిచ్చు శీర్షికతో 1793లో లండనులో ఒక చిన్నపుస్తకము అచ్చయినది. మరుసటి సంవత్సరము 1794లో ఎడింబరోలో ఆండ్రూ డంకన్ (చిన్నవాడు) వైద్యపట్టము కొరకు వ్రాసిన లాటిను సిద్ధాంతవ్యాసమునకు ఈ సోమిదయే విషయము. పిదప 1830లో ఆడ్రియన్ జుస్యూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చెట్టు మహాగనికి దగ్గరిదే కాని వేరుజాతి యని తేల్చి, దాని తెలుగుపేరునే లాటినీకరించి సోయ్‌మిడా యను క్రొత్త నామమును ఏర్పరచెను. తెలుగుకొండలవారు పలికిన మాట ఒకటి ప్రపంచ వృక్షశాస్త్రమున ఒక జాతిపేరై కూర్చున్నది. సర్కారులలోని పాఠశాలలలో ఈ సంగతి చెప్పదగినది.

ఇదే రాక్స్‌బరో 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెళ్లెను. అతడు అచ్చట ఉన్నకాలముననే 1795లో వెస్టిండీసునుండి అసలు మహాగనిమొక్కలు ఆ తోటకు వచ్చినవి. హొండూరాసు జాతి భారతదేశమునకు వచ్చినది 1872లో. కనుక ఇరుగుడునకు శాస్త్రనామ మిచ్చినవాడును, మహాగని బంధువును మన కొండలలో గుర్తించినవాడును, నిజమైన మహాగని భారతభూమిలో నాటుకొనునప్పటికి ఆ తోటను ఏలుచున్నవాడును ఒక్కడే.

పేర్ల చిక్కు అక్కడినుండియే మొదలయ్యెను. మహాగని యనునది మొదట ఒక చెట్టు పేరు. వ్యాపారుల నోట అది క్రమముగా ఒక రంగు పేరుగా మారినది. ఆఫ్రికాలో పెరుగు ఖాయా యను చెట్టు ఆఫ్రికా మహాగని యైనది. ఇది కొంత న్యాయమే. రెండును ఒకే కులమునకు చెందినవి. కాని ఫిలిప్పైన్ మహాగని యని చెలామణియగు కొయ్య షోరియా మొదలగు జాతులది. ఆ షోరియా ఏదో గంజాము వారికి వేరుగ చెప్పనక్కరలేదు. గుమ్సూరు అడవుల సాలవృక్షము, తెలుగున గుగ్గిలపుచెట్టు, షోరియా రొబస్టాయే గదా. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు పేరున రాక్స్‌బరో ఆ జాతికి నామకరణము చేసెను. చౌకరకపు గిటారు మీద 'మహాగని' యని వ్రాసియున్నచో అది అమెరికా మహాగనియే యని చెప్ప వీలులేదు. బరంపురపు ఇంటిదూలమునకు దూరపు చుట్టమైనను కావచ్చును.

రోజ్‌వుడ్ పేరునకును ఇదే గతి పట్టినది. ఓఢ్రమున శిశు యను మాట ఇరుగుడునకును చెల్లును, ఉత్తరదేశపు శీషమునకును చెల్లును. శీషము దాల్బెర్జియా సిస్సూ. ఇరుగుడునకు తమ్మునివంటిది, రంగున తేలిక. వాద్యమును అమ్మువాడు ఓఢ్రుడు, కొనువాడు తెలుగువాడు, దానిమీది చీటి ఆంగ్లము. శిశు అని ఒకడు చెప్పిన మాటను మరొకడు ఇరుగుడని అర్థము చేసికొని రోజ్‌వుడ్ వెల చెల్లించుటలో ఎవరి మోసమును లేకపోవచ్చును. ఇటీవల గిటారుదండి మీది మెట్లపలకకు ఇండియన్ లారెల్ అను కొయ్య విరివిగా వచ్చుచున్నది. ఈ గంభీరమైన పేరు విని అది ఏదో సీమకొయ్య యనుకొనువారు కలరు. అది మన నల్లమద్ది!

గిటారుల చరిత్రలో ఈ రెండు కొయ్యలు ఎట్లు ప్రవేశించినవో కొంత వివరముగా చూడవలసియున్నది. పాతసరుకు వెలకు మూలము అందులోనే ఉన్నది. అమెరికాలోని మార్టిన్ కర్మాగారమువారు తమ గిటారులను సంఖ్యలతో వ్యవహరింతురు. 28వ సంఖ్య రోజ్‌వుడ్‌ది, 18వ సంఖ్య మహాగనిది అని నేడు అందరెరిగినదే. 1931లో వచ్చిన పెద్దబొజ్జ గిటారులు డి-18, డి-28 అను పేర్లతో ఈ భేదమును లోకమంతట వ్యాపింపజేసినవి. అయితే 18వ సంఖ్యయు మొదట రోజ్‌వుడ్‌తోనే చేయబడుచుండెను. 1917లోనే అది మహాగనికి మారినది. అనగా ఒకే సంఖ్య కొయ్యను మార్చుకొన్నది. రోజ్‌వుడ్ మాటయు అట్లే మారినది. పూర్వము ఆ కర్మాగారము వాడినది బ్రెజిలు దేశపు దాల్బెర్జియా నైగ్రా. బ్రెజిలు తన దుంగల ఎగుమతిని కట్టడి చేయగా 1969లో మార్టిన్‌వారు భారతదేశపు ఇరుగుడునకు మారిరి. పాతగిటారుల లోకమున 1969కి ముందువానికిని, తరువాతివానికిని వెలలో నేటికిని గొప్ప అంతరము కలదు. రెంటిమీదను వ్రాసినది మాత్రము రోజ్‌వుడ్ అనియే.

సర్కారు కొండలలో రాక్స్‌బరో చిత్రించిన జాతి ఈ విధముగా ప్రపంచ గిటారులకు వెనుకపలక యైనది. ఆ పలకలు నేడు ప్రధానముగా పడమటి కనుమల కొయ్యనుండి వచ్చుచున్నవి. గంజాము కొండలనుండి కాదు. చెట్టు నెమ్మదిగా పెరుగునది, నరికినంత వేగముగా పెరుగదు. తమిళనాడు ప్రభుత్వము 1994లో రోజ్‌వుడ్ వృక్షరక్షణకు ప్రత్యేకముగా శాసనము చేసినది. 1992లో బ్రెజిలు రోజ్‌వుడ్ అంతర్జాతీయ ఒడంబడికయగు సైటిస్ మొదటి అనుబంధమున చేరెను. అనగా దాని వాణిజ్యము దాదాపుగా నిషిద్ధము. 2003 నవంబరులో హొండూరాసు జాతి మహాగని రెండవ అనుబంధమునకు వచ్చెను. కాని అది దుంగలకు, కోత కలపకు, పొరలకు, ప్లైవుడ్‌కు మాత్రమే వర్తించును, సిద్ధమైన వాద్యమునకు కాదు. 2017 జనవరి 2వ తేదీన తక్కిన దాల్బెర్జియా జాతులన్నియు రెండవ అనుబంధమున చేరగా, ప్రపంచమంతట గిటారులు చేయువారు గగ్గోలుపడిరి. నల్లమద్ది మెట్లపలక కెక్కుట అప్పటినుండియే ఎక్కువయినది. 2019 నవంబరు 26 నుండి సిద్ధమైన సంగీతవాద్యములకు మినహాయింపు లభించినది. బ్రెజిలు రోజ్‌వుడ్‌కు మాత్రము ఆ మినహాయింపు లేదు.

ఈ నడుమ ఒక విశేషము జరిగెను. 2011 ఆగస్టు 24వ తేదీన అమెరికా ప్రభుత్వాధికారులు గిబ్సన్ గిటారు కర్మాగారములను సోదాచేసి భారతదేశపు రోజ్‌వుడ్, ఎబొనీ పలకలను పట్టుకొనిరి. వివాదమంతయు ఆ పలకలు భారత శాసనము ప్రకారము 'పూర్తయిన వస్తువు'లా, 'కోత కలప'లా యనుదానిపై నడచినది. 2012 ఆగస్టులో రాజీ కుదిరి, ప్రధానముగా మడగాస్కరు ఎబొనీ విషయమున కర్మాగారము మూడులక్షల డాలర్లు చెల్లించినది; భారతదేశపు పలకలు తిరిగి ఇయ్యబడినవి. ఒక చిన్న కొయ్యముక్క నేమని పిలువవలెననునది రెండు దేశముల న్యాయశాస్త్రమునకు సమస్య యయ్యెను.

ఇక నాదము. రోజ్‌వుడ్ గిటారులో మంద్రము నిండుగా ఉండి అనుస్వరములు ఎక్కువగా పలుకుననియు, మహాగనిలో మూలస్వరము స్పష్టముగా, పొడిగా వినబడుననియు వాద్యకారులందురు. కొయ్యలు భిన్నమైనవనుటలో సందేహము లేదు. ఘనమీటరు ఇరుగుడు సుమారు 830 కిలోగ్రాములు తూగును. మహాగని సుమారు 590. కాని ఈ భేదము చెవికి ఎంతవరకు తెలియునో పరీక్షించిన వారున్నారు. ఇంగ్లండులోని లాంకాస్టరు విశ్వవిద్యాలయమువారు వెనుకపలక, ప్రక్కపలకలు తప్ప తక్కినవన్నియు ఒకేరీతిగా ఉన్న ఆరు గిటారులను చేయించిరి. బ్రెజిలు రోజ్‌వుడ్, ఇండియా రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపెలీ, వాల్‌నట్ అను ఆరు కొయ్యలు అందు వాడబడినవి. కొయ్య కంటికి కనబడకుండునట్లు మసకవెలుతురులో, వెల్డరులు ధరించు కంటద్దములు పెట్టించి 52 మంది గిటారు వాయించువారిచేత పరీక్షింపజేసిరి. ఆరింటికిని దాదాపు సమానమైన మార్కులే వచ్చినవి. 2018లో ఈ ఫలితము ప్రకటింపబడెను. స్పెయిను దేశపు ప్రసిద్ధ శిల్పి టోర్రెస్ 1862లోనే కాగితపుగుజ్జుతో వెనుకపలకయు ప్రక్కలును చేసి, పైపలక మాత్రము కొయ్యతో అమర్చి ఒక గిటారు చేసి చూపెను. నాదమునకు పైపలకయే ప్రధానమని అతని మతము.

ఇచ్చట బొబ్బిలివీణ జ్ఞప్తికి రాక మానదు. గొల్లపల్లి శిల్పులు ఏకాండముగా వీణను చెక్కునది పనసకొయ్యతో. ఇరుగుడు అందని పండు కాదు. అయినను వారు పనసను ఎన్నుకొనిరి. తేలికగా ఉండుట, చెక్కుటకు లొంగుట, పలుకుట అను గుణములు చూచిరే కాని, నల్లని మెరుగును చూడలేదు. గిటారు బేరమున ఇంతటి పరిజ్ఞానము చూపువారు అరుదు.

అట్లయినచో పాతగిటారు కొనువాడు కొయ్యను లెక్కింపనక్కరలేదా యనినచో, లెక్కింపవలసినదే. కాని నాదము కొరకు కాదు. మొదట చూడవలసినది పలక నిండుకొయ్యయా, ప్లైవుడ్ మీద అతికిన పొరయా యనునది. నాదరంధ్రమునుండి లోపలికి చూచి వెనుకపలక లోపలి రేఖలు వెలుపలి రేఖలతో కలియుచున్నవో లేదో పోల్చవలెను. కలియనిచో అది పొర. ఆ పొర నిజముగా ఇరుగుడేయైనను దానికి నిండుకొయ్య వెల ఇయ్యరాదు. నాదరంధ్రపు అంచున పైపలక రేఖలు మందమంతట దిగియున్నచో పైపలక నిండుది. పైపలక నిండుదై, వెనుకపలక పొరయైన గిటారు, రెండును పొరలైన 'రోజ్‌వుడ్' గిటారుకంటె మేలు.

రెండవది బరంపురపు గాలి. గోపాలపురపు సముద్రము పట్టణమునకు పదునైదు పదునారు కిలోమీటర్ల దూరమే. వానకాలమున కొయ్య తేమ పీల్చి ఉబ్బును, చలికాలమున ఎండి ముడుచుకొనును. ఈ పోటు మహాగని బాగుగా తట్టుకొనును. అది కదలిక తక్కువైన కొయ్య. ఇరుగుడు బరువైనది, ఎండినపుడు రేఖవెంబడి చీలుటకు ఎక్కువ అవకాశము కలది. కనుక రోజ్‌వుడ్ గిటారు కొనునపుడు వెనుకపలక నడుమ అతుకును, క్రింది అంచును వెలుతురునకు ఎదురుగా పట్టి చీలికలకై వెదకవలెను. గుర్రము వెనుక పైపలక పొంగియున్నదా, గుర్రము అంచు లేచినదా, పండ్రెండవ మెట్టువద్ద తీగలు మిక్కిలి ఎత్తున ఉన్నవా యని చూడవలెను. దండి కోణము చెడినచో మరమ్మతు ఖర్చు చౌకగిటారు వెలను మించును. బిరడల పండ్లకు ఉప్పుగాలి త్రుప్పు పట్టించును, అవి మార్చుకొనవచ్చును. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ వంటి తుపాను తరువాత అమ్మకమునకు వచ్చిన వాద్యము లోపల నీటిచార లున్నవేమో అద్దము దించి చూచుట మంచిది. ఒకే వెలకు చీలిన రోజ్‌వుడ్‌ను, చెక్కుచెదరని మహాగనిని చూపినచో, ఈ తీరమున నివసించువాడు మహాగనిని తీసికొనుటయే వివేకము.

విదేశములలోని బంధువులు సెలవులకు వచ్చునపుడు పాతగిటారులు తెచ్చుట నేడు సామాన్యమైనది. ఇండియా రోజ్‌వుడ్ గిటారునకు 2019 తరువాత సైటిస్ పత్రము అక్కరలేదు. 1969కి పూర్వపు మార్టిన్ రోజ్‌వుడ్ గిటారైనచో అది బ్రెజిలు కొయ్య కావచ్చును. అనుమతి లేక సరిహద్దు దాటించినచో వాద్యము పోగొట్టుకొను ప్రమాదము కలదు.

ఇక పేర్ల సంగతి. రాక్స్‌బరో గీయించిన రెండువేల అయిదువందలకు మించిన వృక్షచిత్రములు కలకత్తాలోను, లండనునందలి క్యూ ఉద్యానమునను భద్రముగా ఉన్నవి. గంజాములో తెలుగు మాధ్యమమున చదువు పిల్లలు ఓఢ్రమున శిశు అనగా తెలిసికొందురు, ఆంగ్లమున రోజ్‌వుడ్ అనగా తెలిసికొందురు. ఇరుగుడు అన్నచో దానిని విషమునకు విరుగుడని అనుకొనువారే ఎక్కువ. సోమిద మాట ఎరిగినవారు అంతకంటె తక్కువ. ఈ మండలములోని వృద్ధులైన వడ్రంగులవద్ద ఇరుగుడు, సోమిద, నల్లమద్ది, గుగ్గిలము, పనస అను ఈ అయిదు పేర్లకైనను ఓఢ్ర, ఆంగ్ల, శాస్త్రనామములను జతపరచి, ఒక్కొక్కదానికి చిన్న కొయ్యముక్కతోకూడ బడిలో ఉంచుట కష్టమైన పని కాదు. పాతగిటారు బేరమునకు వెళ్లు తండ్రి ఆ ముక్కను జేబులో వేసికొని వెళ్లవచ్చును.